గాజుతొట్టిలో సొరచేప

సముద్రతీరమునకు 200 కిలోమీటర్లకు పైగా దూరమున నున్నది మా ధర్మసాగరము. సముద్రమును కన్నులార చూచినవారు మా యూరి పెద్దలలో సైతము కొందరే. అట్టి యూరిలో ఇటీవల నలుగురు బాలురు చేరినచోట సొరచేపల ముచ్చట వినవచ్చుచున్నది. హనుమకొండ అంగళ్లలో అమ్మెడు గాజుతొట్లే దీనికి కారణము. పూర్వము సంపన్నుల యిండ్లలో మాత్రమే కనబడిన ఈ తొట్లు నేడు సామాన్యుల గదులలోను వెలసినవి. అక్వేరియము అను మాట మా పల్లెలోని పసివానికిని తెలియును. తొట్టి కొన్నవాడు కొన్ని దినములు బంగారు చేపలతో తృప్తి చెందును. పిదప అంతకంటె వింతయైన చేప కావలె ననును. అప్పుడు అంగడివాడు నల్లని చేపపిల్ల నొకదానిని చూపి, "ఇది షార్కు" అని చెప్పును. ఆ ఒక్క మాటతో కొనువాని మనస్సు కరగిపోవును.

చేపల పెంపకము నూతనముగా మొదలిడినవాడు సొరచేపను ఇంటిలో పెంచవచ్చునా? ఈ ప్రశ్నను నన్ను పలువురు అడిగియున్నారు. చాలకాలముగా మా యింట ఒక చిన్న తొట్టి యుండుటయే వారు నన్నడుగుటకు కారణము. పెంచరాదనియే నా సమాధానము. కాని కారణము చెప్పక విధించిన నిషేధము పిల్లల మనస్సులలో నిలువదు. కావున నాకు తెలిసిన కారణములను ఇచ్చట వివరించెదను.

మొదట సొరచేప యనగా నేమో తెలిసికొందము. మన చెరువులలో దొరకు రవ్వు, బొచ్చె మొదలగు చేపలకు ఎముకల గూడు కలదు. సొరచేప శరీరములో ఎముక యనునది లేదు. మన చెవిదొప్పలో నుండు మృదులాస్థియే దాని శరీరమున కాధారము. బొచ్చె మొప్పలను ఒక గట్టి మూత కప్పియుండును. సొరచేపకు ఆ మూత లేక, మెడ కిరుప్రక్కల ఐదు మొదలు ఏడు వరకు చీలికలు బయటికి కనబడును. దాని చర్మముపై నున్నవి పొలుసులని పేరే గాని, నిర్మాణమున అవి సన్నని దంతములను పోలినవి. నేనొకప్పుడు విశాఖపట్టణపు చేపలరేవునకు పోయినపుడు, నేలపై పడియున్న ఒక సొరచేపను తోకనుండి తలవైపునకు చేతితో నిమిరి చూచితిని. వడ్రంగి కొయ్యను నునుపు చేయుటకు వాడు గరుకు కాగితమువలె అది చేతికి తగిలినది. అచ్చటి మత్స్యకారులు పాలసొర, కొమ్ముసొర అని వీనిని వేరువేరు పేర్లతో గుర్తింతురు. ప్రపంచమున సొరచేపల జాతులు 500కు మించి కలవు. జానెడు పొడవు మించక అగాధ జలములలో తిరుగునవియు, 12 మీటర్లకు మించి పెరుగు వేల్ షార్కువంటివియు అన్నియు ఈ వంశమునకే చెందినవి.

ఇట్టి ప్రాణి మన మంచినీటిలో బ్రదుకజాలదు. దీనికి గల కారణము మిక్కిలి ఆసక్తికరమైనది. మన రైతులు పొలములలో చల్లు యూరియాను మీరెల్లరు ఎరుగుదురు. మన శరీరములో పుట్టు యూరియాను మనము మూత్రముతో విసర్జింతుము. సొరచేప మాత్రము దానిని విసర్జింపక తన రక్తములో విశేషముగా నిలుపుకొనును. ఉప్పునీరు తన శరీరమునందలి నీటిని లాగివేయకుండ కాపాడుకొనుటకు అది కనుగొన్న ఉపాయ మిది. అట్టి చేపను మంచినీటిలో వదలినచో బయటి నీరు దాని దేహములోనికి అడ్డులేక చొచ్చుకొనిపోవును. కొలది సేపటికే అది క్షీణించి మరణించును. గంగానదిలో తిరుగు గంగాసొరవంటి కొలది రకములు మాత్రమే నదీజలములకు ఓర్చుకొనగలవు. అవియు మనిషికంటె పొడవుగా పెరుగునవే గాని గదిలో ఇముడునవి కావు.

"అట్లయిన సముద్రపు నీటినే ఇంటిలో తయారు చేసికొనరాదా?" అని మీలో ఎవరైన అడుగవచ్చును. చేసికొనవచ్చును. ఇంటిలో పెంచదగినదని చెప్పబడు సొరచేపలలో బాంబూ షార్కు ముఖ్యమైనది. ఈ జాతి చేపలు మన భారతదేశపు తీరములలోను కలవు. అవి సముద్రపు అడుగున పడియుండి, నోటితో నీటిని మొప్పలమీదికి పంపుకొనుచు శ్వాసించును గావున, ఎడతెగక ఈదుచుండవలసిన అవసరము వానికి లేదు. ఐనను పెరిగిన బాంబూ షార్కు ఇంచుమించు ఒక మీటరు పొడవుండును. అది తిరిగి మళ్లుటకైనను చోటు కావలెను గదా! 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల తొట్టిలో 2 అడుగుల లోతున నీరు నింపితిమనుకొందము. మీరు మూడింటిని గుణించి చూడుడు. అది 64 ఘనపుటడుగులు. అనగా సుమారు 1,800 లీటర్లు. ఆ నీటి బరువే 1,800 కిలోలకు మించును. సముద్రపు నీటిలో లీటరునకు 35 గ్రాముల ఉప్పు లుండును. ఆ లెక్కన ఈ తొట్టికి 63 కిలోల ఉప్పు పట్టును. అదియు కిరాణా కొట్టులో దొరకు ఉప్పు పనికిరాదు. కాల్షియము, మెగ్నీషియము మొదలగు ద్రవ్యములు తగుపాళ్లలో కలిపిన ప్రత్యేకమైన ఉప్పు కావలెను. నీటిలో పదవవంతు మార్చిన ప్రతిసారియు మరల 6 కిలోలకు మించి ఉప్పు కలుపవలెను. మా యూరి మిద్దెయిండ్లలో ఎన్ని గచ్చులు ఆ బరువును మోయగలవో, ఎన్ని కుటుంబములు ఆ వ్యయమును భరింపగలవో మీరే ఊహించుకొనుడు.

బరువును వ్యయమును పక్కకు నెట్టినను, కంటికి కనబడని చిక్కు మరియొకటి మిగిలియున్నది. చేపల మలినము, తినక మిగిలిన ఆహారము నీటిలో కుళ్లి అమోనియా యగును. అది చేపలకు విషము. ఆ విషమును క్రమముగా నైట్రైటుగాను, పిదప నైట్రేటుగాను మార్చు సూక్ష్మజీవులు తొట్టిలోని రాళ్లపై, వడపోత పరికరములో నివసించును. క్రొత్త తొట్టిలో ఇవి తగినంతగా పెరుగుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. తొట్టిని కొన్ననాడే చేపలతో నింపువారి చేపలు వారములోగా చచ్చుటకు ఇదియే కారణము. సొరచేప మాంసాహారి, అది విడుచు మలినము అధికము. చిన్నచేపలకు చాలిన వడపోత దానికి చాలదు. ఎండకాలపు రాత్రి విద్యుత్తు నిలిచిపోయినచో యంత్రములు ఆగును. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు అసలే తక్కువ. ఇతర చేపల రోగములకు వాడు రాగి మందులు సొరచేపకు ప్రాణాంతకములు. అంతేకాదు, తన ముట్టెపై నున్న సన్నని రంధ్రములద్వారా అది నీటిలోని అత్యల్పమైన విద్యుత్తును సైతము గ్రహింపగలదు. ఇసుకలో దాగిన చేప గుండె కొట్టుకొనుటను కూడ పసిగట్టు నట్టి ప్రాణిని మోటార్లు, లోహపు తీగలు చుట్టును గల పెట్టెలో బంధించినపుడు దాని కెంత అలజడియో యోచింపుడు.

విజ్ఞానమును ధనమును గల పెద్ద సంస్థలకే ఈ కార్యము సులభము కాలేదు. అమెరికాలో కాలిఫోర్నియా తీరమున మాంటెరీ బే అక్వేరియ మనునది కలదు. 2004వ సంవత్సరమున అచ్చటివారు ఒక తెల్ల సొరచేపపిల్లను సుమారు 38 లక్షల లీటర్ల నీరు పట్టు జలాశయములో ఉంచిరి. అది 198 దినములు జీవించుట అప్పటికి గొప్ప విశేషముగా చెప్పుకొనబడినది. కాని అది అదే నీటిలోని ఇతర సొరచేపలను చంపనారంభించినది. తుదకు 2005 మార్చిలో దానిని తిరిగి సముద్రములో విడిచిపెట్టిరి. 2016 జనవరిలో జపానుదేశపు ఒకినావా ద్వీపమునందలి అక్వేరియములో ఉంచబడిన తెల్ల సొరచేప మూడు దినములకే మరణించినది. ఇవి మహాకాయము గల జాతులే. ఐనను, నేర్పరులకే దుస్సాధ్యమైన వంశముతో తొలిపాఠము నేర్చువాడు ప్రారంభించుట తగదని ఈ ఉదంతములు మనకు చెప్పకయే చెప్పుచున్నవి.

అట్లయిన హనుమకొండ అంగళ్లలో అమ్ముడుపోవు షార్కులెవ్వి? అవి సొరచేపలు కావు. వాని మొప్పలపై మూత కలదు. శరీరమున ఎముకలు కలవు. కొన్నింటికి మీసములును కలవు. వీపుపై త్రిభుజాకారముగా నిలిచిన రెక్కను చూచి వర్తకులు వానికి ఆ పేరిడిరి. నల్లని మేను, ఎఱ్ఱని తోక గల చిన్నచేప యొకటి ఈ పేరుతో అమ్ముడగును. దాని జన్మస్థానము థాయిలాండు. మన రవ్వు, బొచ్చెలు చేరిన కుటుంబమే దానిదియు. స్వస్థలమున అది నశించినదనియే శాస్త్రజ్ఞులు చిరకాలము తలచిరి. 2011లో మరల కనబడినది. అంగళ్లకు వచ్చునవి పెంపకపు చెరువులలో పుట్టినవి. చిన్నదే యైనను తన జాతి చేపను దరికి రానీయని కోపిష్ఠి యిది. వెండివలె మెరయు బాలా షార్కు ఇంకొకటి. గుంపుగా తిరుగుట దాని స్వభావము. ఒక అడుగునకు మించి పెరుగును. మూడవది పంగాసియస్ అను మీసాల చేప. ఆగ్నేయాసియాలోని మెకాంగ్ నది దీని పుట్టిల్లు. కృష్ణా, పశ్చిమ గోదావరి ప్రాంతముల చెరువులలో దీనిని ఆహారముకొరకు రైతులు పెంచుచున్నారు. అంగడిలో వ్రేలెడు పొడవున కనబడు ఈ పిల్ల స్వేచ్ఛగా పెరిగినచో ఒక మీటరును మించి, 40 కిలోల బరువు తూగగలదు.

ఈ మూడవ చేప మూలముననే మా వీధిలో ఒక చిక్కు సంభవించినది. ఎనిమిదవ తరగతి చదువు బాలుడొకడు అట్టి పిల్లను షార్కనుకొని కొని, రెండడుగుల తొట్టిలో పెంచెను. బడినుండి రాగానే దానికి మేత వేయుటయు, తోటివారిని పిలిచి చూపుటయు వానికి నిత్యకృత్యములు. ఏడాది తిరుగకమునుపే అది జానెడున్నర పెరిగినది. తలుపు చప్పుడైన చాలు, బెదరి పోయి అద్దమునకు ముట్టె కొట్టుకొనెడిది. ముట్టెపై పుండు పడినది. ఒకనాటి సాయంకాలము వాడు నాయొద్దకు వచ్చెను.

"తాతా! మా బాపు దీనిని రేపు చెరువులో వదలుదమనుచున్నాడు. చేపకు స్వేచ్ఛ, మనకు పుణ్యము అనుచున్నాడు. వదలవచ్చునా?"

"నీకేమి తోచుచున్నది?" అని అడిగితిని.

"అంత పెద్ద చెరువులో అది సుఖముగా నుండునుగదా, తాతా!"

ఆ బాలుని తండ్రి కఠినుడు కాడు. పంజరపు చిలుకను వదలుట పుణ్యమని వినుచు పెరిగినవాడు. ఆయన మాటలో దయ కలదు. కాని ఆ దయ ఒక్క చేపను మాత్రమే చూచుచున్నది. చెరువును చూచుట లేదు. మా ధర్మసాగరపు చెరువు కేవలము ఒక నీటిగుంట కాదు. దేవాదుల ఎత్తిపోతల పథకము ద్వారా గోదావరి జలములు ఎంతో దూరము పయనించి దీనిని చేరుచున్నవి. వరంగల్లు నగరవాసులు త్రాగు నీటికి ఇది యొక ఆధారము. మత్స్యకారులు చేపపిల్లలను వదలి, నెలలతరబడి కాచుకొని, వల వేసి బ్రదుకుచున్నారు. 2016లో తెలంగాణ రాష్ట్రపు చేపగా ప్రకటింపబడిన కొరమీను ఇట్టి చెరువుల సంపదయే. అట్టి నీటిలో తొట్టిచేపను వదలుట యనగా దానితోపాటు దాని రోగములను, పరాన్నజీవులను కూడ వదలుటయే. అది అచ్చటి చేపల మేతను పంచుకొనును. చిక్కిన చిన్నవానిని మ్రింగును. "ఒక్క చేపయే గదా" అని ప్రతి యింటివారును తలచినచో, చెరువునకు వచ్చునవి ఒకటి కావు, నూర్లు.

ఇది ఊరక కల్పించిన భయము కాదు. తొట్టి గోడలకు పట్టిన నాచును తినునని చెప్పి అంగళ్లలో ఒక చేప నమ్ముదురు. దక్షిణ అమెరికా దాని స్వస్థలము. పెరిగి పెద్దదైన పిదప దానిని ఎందరో కాలువలలో, చెరువులలో వదలిరి. నేడది తెలుగు నేల జలములలో వ్యాపించి, దెయ్యపు చేప యని పేరు తెచ్చుకొన్నది. దాని మేను కవచమువంటి పలకలతో కప్పబడియుండును. వలలో పడినచో వల చిరుగును. పట్టినను కొనువాడు లేడు. తూర్పుకనుమల ప్రాంతపు జలములలో అది ఎంతవరకు ప్రాకినదో తెలిసికొనుటకు హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు నీటిలో కలిసిన దాని డి.ఎన్.ఎ. ఆనవాళ్లను పరీక్షింపవలసి వచ్చినది. వదలుటకు ఒక్క క్షణము చాలును. తిరిగి ఏరివేయుటకు ఒక తరమైనను చాలదు.

ఈ విషయములను ఆ తండ్రితో చెప్పితిని. ఆయన చాలసేపు మౌనముగా నుండి, "మరి దీనిని చంపుమందురా?" అని యడిగెను. ఆ ప్రశ్న న్యాయమైనదే. పెంచినవారికి దాని బాధ్యత తీరలేదు. చెరువుపై మోపుటకు మాత్రము వీలులేదు. మేము ముగ్గురమును చేపను మూతగల బిందెలో నుంచుకొని దానిని అమ్మిన అంగడికి పోయితిమి. అంగడివాడు మొదట ఒప్పుకొనలేదు. మూడవమారు పోయి బ్రతిమాలగా తన పెద్దతొట్టిలోనికి తీసికొనెను. ఇచ్చిన రూకలలో ఒక్కటియు తిరిగి రాలేదు. దారి పొడవునను ఆ బాలుడు మాటాడలేదు. ఇల్లు చేరిన పిదప, "పిల్లగా ఉన్నప్పుడే ఇంత పెరుగునని చెప్పియుండిన కొనకపోదును తాతా!" అని కన్నులు తుడిచికొనెను. వానిమాటలో నాకు సత్యము కనబడినది. అమ్మువాడు చెప్పలేదు; కొనువాడు అడుగలేదు. నడుమ నలిగినది నోరులేని చేప.

ఐనచో చేపలను పెంచుటయే తప్పా? ఎంతమాత్రమును కాదు. ఒక చిన్న తొట్టిని శ్రద్ధగా నడుపుట మంచి విద్య. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గల తొట్టిలో సుమారు 56 లీటర్ల నీరు పట్టును. కుళాయి నీటిలోని క్లోరిను తొలగిన పిదపనే దానిని వాడవలెను. సూక్ష్మజీవులు పెరుగు వరకు ఓపికతో నుండవలెను. పెరిగినను రెండు మూడు అంగుళములు దాటని చేపలను కొలదిగా ఎన్నుకొనవలెను. వేసిన మేత, మార్చిన నీరు, చేపల నడవడి ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. ఇట్లు కొన్ని సంవత్సరములు గడపి, సముద్రపు నీటి తొట్లను నడుపుట నేర్చి, స్థలమును ధనమును కలిగి, ఇరువది యేండ్లు బ్రతుకగల ప్రాణికి బాధ్యత వహింపగల పెద్దవాడు బాంబూ షార్కును గూర్చి తలపెట్టిన తలపెట్టవచ్చును. తొలిమెట్టుపై నున్నవానికి అది తగదు.

సొరచేపనే చూడవలెనను కోరిక గలవారికి సముద్ర మున్నది. 2021 డిసెంబరులో విశాఖపట్టణమునకు సమీపమున తంతడి తీరమున ఒక వేల్ షార్కు మత్స్యకారుల వలలో చిక్కినది. 2001 నుండి ఆ చేపకు మన దేశపు వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షణ కల్పించినది. వార్త తెలిసి అటవీశాఖవారు వచ్చిరి. మత్స్యకారులును వారును కలిసి ఆ మహామత్స్యమును మరల లోతునీటిలోనికి పంపిరి. అది పుట్టిన నీటికే అది తిరిగి పోయినది గావున ఆ విడుదల నిజమైన విడుదల యైనది.

ఇక చేపలు కావలెనని అంగడికి పోవువారికి నేను చెప్పదలచినది స్వల్పము. తొట్టిలోని పిల్లను చూచి మురిసిపోకముందే అంగడివానిని మూడు మాటలు అడుగుడు: ఇది ఎంత పెరుగును? ఎన్ని యేండ్లు బ్రదుకును? పెరిగిన నాడు నీవు తిరిగి తీసికొందువా? ఈ మూడింటికిని సరియైన జవాబు రానిచో, రూకలను జేబులోనే యుంచుకొని ఇంటికి రండు.